పట్టకారునకు 20 ఏండ్ల గుత్త

హిందూదేశమున పేటెంటు శాసనము మొట్టమొదట పుట్టినది 1856వ సంవత్సరమున. ఆ శాసనము క్రింద మొదటి సంఖ్యగా నమోదైన ప్రత్యేకాధికారము దేనికి లభించెనో మన పఠనమందిరములలో పలువు రెరుగరు. అది కలకత్తాలోని జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అను ఇంజనీరు కల్పించిన పంకా లాగు యంత్రమునకు లభించినది. దొరల గదులలో గాలి విసరుటకై పుట్టిన యంత్రముతో మన పేటెంటు చరిత్రకు శ్రీకారము చుట్టబడినది! అంతటితో ఆగలేదు. రాణిగారి అనుమతి లేకుండ చేసిన శాసనమని దానిని మరుసటి యేడే రద్దుచేసి, 1859లో మరల చేసిరి. ఈ దేశమున ఏ కల్పన ఎవరి సొత్తో నిర్ణయించు అధికారము ఈ దేశమునకు లేదని ఆనాడే తేటపడినది.

నేడు శాసనము మనది. కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, చెన్నై నగరములందున్న పేటెంటు కార్యాలయములు మనవి. అందు దరఖాస్తులను పరీక్షించు అధికారులు మనవారు. కాని శాసనము మనదైనంత మాత్రమున దాని ఫలము మనదగునా? దానిని ప్రయోగించుటలోని జాగరూకతయు మనదై యుండవలెను. ఈ సంగతిని గాలిలో విచారింపక, ఒక పనిముట్టును చేతబట్టి విచారింతము.

మోటారు కార్ల కర్మాగారములందు మరచేతి కొనకు తగిలించు స్పాట్ వెల్డింగు గన్ను అను పనిముట్టు కలదు. పేరునకు గన్నైనను, పనికి అది మన కమ్మరి పట్టకారునకు చుట్టము. రెండు ఉక్కు రేకుల నొకదానిపై నొకటి పెట్టి, రెండు రాగి మొనల నడుమ గట్టిగా నొక్కి, కొన్ని వేల ఆంపియర్ల విద్యుత్తును సెకనులో కొద్ది భాగముసేపు పంపినచో, రేకులు తాకుచోట పుట్టిన వేడికి లోహము కరగును. విద్యుత్తు ఆగినంతనే గట్టిపడి రెండు రేకులును ఏకమగును. రాగి విద్యుత్తును సులభముగా పోనిచ్చును. పైగా మొనలలో నీరు ప్రవహించుచుండును. అందుచే మొనలు చల్లబడుచుండ, వేడి రేకుల సందుననే నిలుచును. ఒక కారు గుల్లకు ఇట్టి అతుకులు కొన్ని వేలు కావలెను. మన పెనుకొండ చెంతనే 2019 నుండి కార్లు తయారగుచున్నవి. కావున ఇది ఏ దూరదేశపు ముచ్చటయో యని త్రోసివేయరాదు.

ఇప్పుడు ఒక సంస్థ ఇట్టి గన్నునకు పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టినదనుకొందము. గన్ను చేతులు సీ అక్షరపు ఆకారమున నున్నవి. మొనలను నొక్కునది వాయుపీడనము కాదు, సర్వో మోటారు. విద్యుత్తును మార్చు ట్రాన్స్‌ఫార్మరు గన్నుమీదనే అమర్చబడినది. గన్నంతయు మరచేతికి తగిలించబడినది. ఇవన్నియు కలిసిన గన్ను తన కల్పన యని ఆ సంస్థ వాదించును. పరీక్షాధికారి ఏమి చేయవలెను?

ఆయన మొదట చేయవలసినది పాత కాగితములను వెదకుట. విద్యుత్తుతో లోహము నతుకు పద్ధతికి ఎలిహూ థామ్సన్ 1886లోనే అమెరికాలో పేటెంటు పొందెను. జార్జి డెవాల్ మరచేతికి పేటెంటు పొందినది 1961లో. ఒహాయో రాష్ట్రమున లార్డ్స్‌టౌన్ కర్మాగారములో మరచేతులు కారు గుల్లల నతుకుట 1969 నాటి ముచ్చట. సర్వో మోటారు గన్నులును, ట్రాన్స్‌ఫార్మరును మోయు గన్నులును ఏండ్ల తరబడి వాడుకలో నున్నవే. ఇట్లు ఒక్కొక్క భాగమునకు తాతముత్తాతలు తేలినపిమ్మట, మిగిలిన కొత్తదన మేమని దరఖాస్తుదారుని నిలదీయవలెను.

1970 నాటి మన పేటెంటు శాసనము ఈ సందర్భమునకే చెప్పినట్లు 3వ సెక్షనులో ఒక ఖండిక పెట్టినది. తెలిసిన పరికరములు తమ తమ పనులను తెలిసిన రీతినే వేర్వేరుగా చేయుచుండగా, వాటిని కేవలము కూర్చుటయు, మార్చి కూర్చుటయు నూతన కల్పన కానేరదని దాని తాత్పర్యము. మోటారు మోటారు పనిని, ట్రాన్స్‌ఫార్మరు ట్రాన్స్‌ఫార్మరు పనిని చేయుచుండ, రెంటిని ఒక చట్రమున బిగించినవాడు మంచి పనివాడు కావచ్చును, ఆవిష్కర్త కాడు.

అట్లని కూర్పులన్నియు కొరగానివని కాదు. రాగి మొన అరిగినకొలది మోటారు ఎంతదూరము అదనముగా కదలవలసి వచ్చుచున్నదో గ్రహించి, ఆ లెక్కను బట్టి మరచేయి తన నిలుకడను తానే దిద్దుకొని, రేకు వంగకుండ కాపాడునట్టి కూర్పు నొకడు మొట్టమొదట చేసెననుకొందము. అచట మోటారు నొక్కుటయే కాక కొలుచుచున్నది. మరచేయి మోయుటయే కాక దిద్దుచున్నది. భాగములు ఒండొంటితో మాటాడి, విడివిడిగా ఏదియు నీయని ఫలము నిచ్చుచున్నవి. ఇదియు నేడు తెలిసిన విద్యయే. కాని దానిని తొలుత కనుగొన్నవానికి పేటెంటు న్యాయమే. కూర్పునకును కల్పనకును గల ఈ భేదమును గుర్తించుటయే పరీక్ష.

ఈ భేదము మన సర్వోన్నత న్యాయస్థానమునకు క్రొత్త కాదు. మిర్జాపురములో ఇత్తడి పాత్రలు చేయు రెండు సంస్థల నడుమ పుట్టిన వ్యాజ్యెములో 1978లో తీర్పు వెలువడినది. లేతుమీద పాత్రను త్రిప్పి మెరుగుపెట్టునపుడు అది ఎగిరిపడకుండ వెనుకనుండి అదిమిపట్టు సాధనమునకు ఒక సంస్థ 1953లో పేటెంటు పొందెను. అట్టి సాధనము లేతుపనిలో చిరకాలముగా తెలిసినదే యనియు, దానిని పాత్రల పనికి కొద్దిపాటి మార్పుతో వాడుట పనివాని నేర్పే గాని నూతన కల్పన కాదనియు న్యాయస్థానము తేల్చినది. పేటెంటు చెల్లలేదు. అమెరికా సర్వోన్నత న్యాయస్థానము సైతము, కారు పాదపు మీటకు తెలిసిన విద్యుత్ సాధనమును జోడించినంత మాత్రమున పేటెంటు నిలువదని 2007లో కే.ఎస్.ఆర్. వ్యాజ్యెమున తీర్పు చెప్పినది. పేటెంటు హక్కులను గూర్చి లోకమునకు పాఠములు చెప్పు దేశమే ఇట్లు చెప్పగా, మన పరీక్షాధికారి ఏల జంకవలెను?

పేటెంటు దరఖాస్తులోని క్లెయిము భూమి దస్తావేజులోని చెక్కుబందీ వంటిది. వివరణ ఎంత పెద్దదైనను, హక్కు హద్దులు నిర్ణయించునవి ఆ కొద్ది వాక్యములే. దస్తావేజు వ్రాయువాడు తూర్పు హద్దు నొక్క మాట జరిపినచో పొరుగువాని చేను పోయినట్లు, క్లెయిములో ఒక విశేషణము తగ్గినచో హద్దు విరివియగును. ఒక ప్రత్యేకమైన మీటల అమరిక గల గన్ను అని వ్రాసిన హక్కు ఇరుకైనది. మరచేతికి తగిలించిన మోటారు గన్ను అని వ్రాసిన హక్కు దేశమంత వెడల్పైనది. తగ్గించి వ్రాయుమని పరీక్షాధికారి ఆక్షేపింపనిచో ఆ విరివి 20 ఏండ్లు నిలుచును. 1970 శాసనమున సాధారణ పేటెంటునకు 14 ఏండ్లే గడువు. 2002 సవరణముచే అది 20 అయినది. గడువు పెరిగినపుడు కాపలాయు పెరుగవలదా?

ఈ కాపలా సడలినచో నష్టపోవువా రెవరు? పెద్ద కార్ల సంస్థ నష్టపోదు. దానికి న్యాయవాదుల దండు కలదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట లారీలకును బస్సులకును గుల్లలు కట్టి నేర్పు సంపాదించిన కుటుంబములోని కుర్రవాడొకడు ఇంజనీరింగు చదివి, చవుకగా ఒక వెల్డింగు గన్ను చేయదలచినాడనుకొనుడు. వానికి పేటెంటుదారుని వకీలు నుండి నోటీసు వచ్చును. ఆ పేటెంటు చెల్లనిదే కావచ్చును. పేటెంటు నిచ్చినంత మాత్రమున అది చెల్లునని ప్రభుత్వము పూచీపడదని 13వ సెక్షనే చెప్పుచున్నది. కాని ఆ మాట న్యాయస్థానమున నిరూపించుటకు పట్టు వ్యయమును కాలమును వాడు భరింపగలడా? పరీక్షాధికారి బల్లమీద ఒక దినమున తేలవలసిన సంగతికై వాడు ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కవలెను. అనేకులు ఎక్కరు. నోటీసు మడిచి పెట్టెలో పెట్టి, గన్ను చేయు తలంపు మానుకొందురు. చెల్లని పేటెంటు చేయు హాని కోర్టు రికార్డులలో కనబడదు. పుట్టకుండ పోయిన పరిశ్రమలలో నుండును.

పరీక్ష కఠినమైనచో పెట్టుబడి పారిపోవుననియు, మన ఆవిష్కర్తలకే కష్టమనియు కొందరు వాదింతురు. ఈ వాదమును తేలికగా కొట్టివేయను. దరఖాస్తు ఏండ్లకొలది మూలబడియుండుట నిజముగా అన్యాయము; చిన్నవాడే దానికి ముందుగా నలుగును. కాని ఆలస్యమునకు మందు త్వర గాని సడలింపు గాదు. గట్టిగా పరీక్షింపబడిన పేటెంటే న్యాయస్థానమున నిలుచును. నిలుచు పేటెంటునకే పెట్టుబడి వచ్చును. సులభముగా దొరకిన హక్కు సులభముగానే ఊడును. పైగా మన ఆవిష్కర్త అడుగు వేయకముందే అన్యుల కంచెలు దారి పొడవున నిలిచియుండిన, వానికి మన ఉదారత వలన ఒరిగిన దేమి?

2014-15లో ఈ దేశమున ఇచ్చిన పేటెంట్లు 6 వేల లోపు. 2023-24లో ఇచ్చినవి లక్షకు పైగా. ఈ పెరుగుదలను చూచి సంతసించుట తగినదే. కొట్లాది పనిగంటల మూలుగుడు తీరుటయు మంచిదే. కాని పంట కొలత గాదెకు చేరిన బస్తాల సంఖ్యతో ముగియదు. బస్తాలో గింజ యెంత, ఊక యెంతయని చూడవలెను. ఇంతలో 2024 నియమావళి సవరణము వచ్చి, పేటెంటు ఇవ్వకముందు ఎవరైనను ఉచితముగా తెలుపదగిన ఆక్షేపణకు రుసుము విధించినది. ఆ ఆక్షేపణ విచారణకు తగునా యని కంట్రోలరు ముందుగా చూచు మెట్టు నొకటి చేర్చినది. పేటెంటును దేశమున వినియోగించుచున్నదీ లేనిదీ ఏటేట తెలుపవలసిన విధిని మూడేండ్ల కొకసారికి మార్చినది. దురుద్దేశపు ఆక్షేపణలను అరికట్టుటకని సమాధానము చెప్పుదురు. కొన్ని అట్టివి లేకపోలేదు. కాని దొంగ కుక్క లున్నవని కాపలా కుక్కలన్నింటికి పన్ను వేయుట ఇంటివాని తెలివియా?

1957లో నియమితులై 1959లో నివేదిక సమర్పించిన న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు, విదేశీయులు ఇచట పేటెంట్లు తీసికొనుట వస్తువు నిచట చేయుటకు గాక, మన బజారును తమకై కాపాడుకొనుటకే యని చూపించిరి. ఆ ఎరుక నుండియే 1970 శాసనమును, అందలి 83వ సెక్షనును పుట్టినవి. కేవలము దిగుమతి గుత్తకై పేటెంటు ఈయబడదని ఆ సెక్షను చాటుచున్నది. ఆ అక్షరము నేటికిని శాసనమున నున్నది. దానికి ప్రాణము పోయుట మన వంతు.

ప్రభుత్వము చేయవలసినది స్పష్టము. యంత్రవిద్య తెలిసిన పరీక్షాధికారులను హెచ్చించి, ఒక్కొక్క దరఖాస్తునకు చాలినంత వ్యవధి నీయవలెను. ముగించిన కాగితముల లెక్కను బట్టి కాక, నిలిచిన నిర్ణయములను బట్టి వారి పనిని మెచ్చవలెను. ఆక్షేపణ రుసుమును చిన్న పనివారికిని విద్యార్థులకును ఎత్తివేయవలెను. ప్రజలు చేయవలసినదియు కలదు. దరఖాస్తులు సాధారణముగా 18 నెలలకు ప్రకటింపబడును. పేటెంటు కార్యాలయపు జాలస్థలమున ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. మన ఇంజనీరింగు కళాశాలల అధ్యాపకులు, వర్కుషాపుల సంఘములవారు, న్యాయవాదులు కలిసి, తమ వృత్తికి సంబంధించిన దరఖాస్తులను నెలకొకసారి కూర్చుండి చదివినచో చాలును. ఈ గన్ను మా కొట్టులో పదేండ్లుగా నున్నదని ఒక మేస్త్రి చూపగల పాత బిల్లు, తారీఖు గల పటము, వేయి పుటల వాదమునకు సాటిరాగలదు. 25వ సెక్షను ఆ హక్కును ఎవరికైనను ఇచ్చినది. పండితులకు మాత్రమే ఈయలేదు.

1856లో పంకా లాగినవాడు యంత్రమును గూర్చి ఒక్క మాట చెప్పుటకు నోచుకొనలేదు; వానినెవరును అడుగలేదు. నేడు వెల్డింగు చేయువాని కా హక్కు శాసనముననే వ్రాసియున్నది. వాడు దానిని వినియోగించుకొను నాడే శాసనము మనదని చెప్పుట సత్యమగును.