మన పేరు కొట్టేసిన కోడ్ ఎవరిది? (సర్కారు సాఫ్ట్‌వేర్ – 3వ భాగం)



అమెరికా కాపీరైట్ చట్టంలో 105వ సెక్షన్ అని ఒకటుంది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగి డ్యూటీలో భాగంగా ఏది రాసినా దానికి ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. రిపోర్టయినా, మ్యాపయినా, సాఫ్ట్‌వేరయినా. జనం డబ్బుతో జీతం తీసుకుని రాశావు కాబట్టి అది జనానిదే.

మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, ప్రోగ్రామర్లు 1970ల చివర్లో మొదలుపెట్టి రాసిన 'విస్టా' అలాంటిదే. పైఆఫీసు వద్దన్నా రాశారు. తమను తాము 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' అని పిలుచుకున్నారు. (అది బానిసత్వం నుంచి పారిపోయిన నల్లజాతి మనుషుల రహస్య దారుల పేరు. ఆఫీసు గొడవకి దాన్ని వాడుకోవడం నాకు మింగుడు పడదు, అది వేరే సంగతి.) ఆ కోడ్‌ని అక్కడి సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. జోర్డాన్ దేశం దాని మీదే 'హకీమ్' కట్టి తన సర్కారీ ఆసుపత్రుల్లో పెట్టుకుంది.

మరి మన దగ్గర? 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, సర్కారు రాయించింది సర్కారు సొత్తు. 28వ సెక్షన్ ప్రకారం అచ్చయిన ఏడాది దాటాక 60 ఏళ్లు. బాబాసాహెబ్ బతికుండగా అచ్చయిన పుస్తకాలకు కాపీరైట్ 2016తో అయిపోయింది, ఇప్పుడు ఎవరైనా వేసుకోవచ్చు. కానీ 2023లో బయటపెట్టిన సర్కారీ కోడ్ 2083 చివరిదాకా తాళంలోనే. అసలు బయటపెట్టనే లేదనుకోండి, ఆ 60 ఏళ్ల లెక్క మొదలే కాదు! మనువుకి కూడా ఇంత తెలివి తట్టలేదు.

ఇది కంప్యూటర్ సైన్సు పిల్లల గొడవ అనుకునేవాళ్లు ఒక్కసారి పల్లెలోకి రండి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ హాజరు యాప్‌లోనే అన్నారు. రోజుకు రెండు ఫోటోలు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే, ఎండలో మట్టి తవ్విన మనిషికి ఆ రోజు కూలి గల్లంతు. తెలంగాణలో కంప్యూటర్ జల్లెడ పట్టి రేషన్ కార్డులు ఎగరగొట్టారు. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని మళ్లీ ఊళ్లలో తిరిగి పరిశీలించండి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఆ జల్లెడ కన్నాలు ఎంత పెద్దవో, ఎవరిని కింద పడేయమని రాశారో చూసే హక్కు కార్డు పోయినామెకి లేదా? మన ముత్తాతల్ని చదవనివ్వని శాస్త్రం మాత్రం వాళ్ల బతుకుల మీద నడిచింది. ఇదీ అంతే.

"కోడ్ బయటపెడితే హ్యాకర్లు పడతారు" అంటారు. 2020 మే నెలలో ఆరోగ్యసేతు యాప్ కోడ్‌ని సర్కారే బయటపెట్టింది. ఆకాశం ఊడిపడలేదు కదా.

రెండో అభ్యంతరం మనవాళ్ల నుంచే వస్తుంది, దాన్ని నేను కొట్టిపారేయను. ఊరికే వదిలేస్తే పెద్ద కంపెనీ ఎత్తుకుపోయి, పైన రంగేసి, మనకే అమ్ముతుంది కదా? అవును. అమెరికా పద్ధతిలో ఆ లోపముంది. ఊరుమ్మడి భూమికి కంచె ఎవడేస్తాడో మనకు తెలియనిదా. అందుకే నేను అడిగేది 105వ సెక్షన్‌కి నకలు కాదు. సర్కారు దగ్గర కాపీరైట్ ఉండనివ్వండి, కానీ జీపీఎల్ లాంటి షరతుతో కోడ్ వదలాలి. తీసుకుని మార్చి పంచేవాడు తన మార్పులు కూడా అదే షరతుతో అందరికీ ఇవ్వాలి.

ఇప్పుడు చేతిలో ఉన్న ఆయుధం. సమాచార హక్కు చట్టం 9వ సెక్షన్ చదవండి. కాపీరైట్ సాకుతో అర్జీ తిప్పికొట్టాలంటే ఆ కాపీరైట్ సర్కారుది కాక వేరేవాళ్లదై ఉండాలి. అంటే 'ఇది మా కాపీరైట్' అని సర్కారు అనడానికి లేదు. అందుకే ప్రైవేటు కంపెనీ పేరు అడ్డం పెట్టుకుంటారు, వాణిజ్య రహస్యమని 8వ సెక్షన్ చూపిస్తారు.

కాబట్టి ముందే కోడ్ అడక్కండి. మొదటి అర్జీలో కాంట్రాక్టు కాపీ అడగండి. కోడ్ హక్కులు ఎవరివని అందులో రాశారో, ఆ క్లాజు అడగండి. సర్కారువే అని తేలితే రెండో అర్జీలో కోడ్ అడగండి. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు. ఫీజు పది రూపాయలు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నట్టు కార్డు చూపిస్తే అది కూడా లేదు. ఆ కార్డునే కంప్యూటర్ కొట్టేసి ఉంటే మాత్రం పది రూపాయలు కట్టాలి.