మాటల ముచ్చట: రెల్లు

దసరా సెలవులకు యానాం వచ్చిన మా మనుమరాలు గౌతమి గట్టున నిలబడి, అవతల లంకలో తెల్లగా వూగుతున్న పూలను చూపించి, "తాతయ్యా, అవేమిటి? మా పాఠంలో రీడ్ అన్నారు, అదేనా?" అని అడిగింది. మేము ఆలోచించకుండా "అదేనమ్మా, గడ్డి" అనేశాము. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలయెత్తి, "గడ్డేమిటండీ, రెల్లు గాదూ!" అన్నాడు. మాకు సిగ్గు వేసింది. నెలనెలా చదువరులకు మాటలు చెప్పే వాళ్ళము గదా మరి!

ఆయన అన్నది నిజం. రెల్లు వేరు, జమ్ము వేరు, తుంగ వేరు, కిక్కిస వేరు. శరత్కాలంలో తెల్లని కుచ్చులు పూసేది, పూరియిళ్ళు కప్పేది రెల్లు. చాపలల్లేది తుంగ. నీళ్ళలో నిటారుగా లేచి గోధుమరంగు కంకి వేసేది జమ్ము. కొల్లేటిలో మనిషి యెత్తు దాటేది కిక్కిస. ఇంగ్లీషువారి రీడ్ ముఖ్యంగా యిదే. ఇన్ని మాటలు యింట్లో పెట్టుకొని మేము పిల్లదానికి "గడ్డి" పెట్టాము.

సంస్కృతంలో శరమంటే రెల్లుజాతి మొక్కా, బాణమూ కూడా. ఆ కాడలతో బాణాలు చేసేవారు గనుక. కుమారస్వామి రెల్లుపొదలో పుట్టి శరవణభవుడైనాడు. మన చేతిలోని కలమూ అక్కడిదే. గ్రీకులు రెల్లుకాడను కలమోస్ అన్నారు, అరబ్బులు కలమ్ అన్నారు. తాటాకు మీద గంటంతో గీసిన మనవారు కాగితం వచ్చాక కలం పట్టారు.

పెళ్ళిలో సన్నాయి వాయించే ఆయన నోట తడుపుకొనే పీక కూడా యిలాంటి కాడతో చేసినదే. వూపిరి తగిలితే అదిరి పలికే ఆ నాలుకకూ ఇంగ్లీషులో రీడ్ అనే పేరు. హార్మోనియంలో ఆ నాలుక ఇత్తడిది. పారిస్‌లో దెబాఁ అనే ఆయన 1842లో ఆ వాద్యానికి పేటెంటు తీసుకున్నాడు. అది సముద్రాలు దాటి వచ్చి మన పద్యనాటకాలకు శ్రుతి పట్టింది. మనవాళ్ళలో చాలామంది వేలితో నొక్కే మెట్టునే రీడు అంటారు.

ఇక మగ్గం సంగతి. పడుగుపోగులను వరుస తప్పకుండా నిలిపే అచ్చును ఇంగ్లీషులో రీడ్ అంటారు. ఒకప్పుడు దాని పళ్ళను కాడలు చీల్చి చేసేవారు, తరువాత ఉక్కువి వచ్చాయి. వారికి వస్తువు పోయినా పేరు నిలిచింది. మాకు వస్తువు కళ్ళెదుట వుండగానే పేరు జారిపోయింది.

1954 దాకా ఫ్రెంచివారి యేలుబడిలో వున్న వూరు గనుక, ఇక్కడ ఫ్రెంచి చదివిన పెద్దలకు లా ఫొంటేన్ 1668లో ప్రకటించిన ఓకుచెట్టు, రెల్లు కథ తెలిసే వుంటుంది. అంతకు యెన్నో శతాబ్దాల ముందే భారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు అలాంటి కథ చెప్పాడు. మహావృక్షాలను వేళ్ళతో సహా తెస్తారు, నీటివొడ్డున పెరిగే వేతసాన్ని యెందుకు తేరని సముద్రుడు నదులను అడిగాడు. అది వరవడికి వంగుతుంది, వరద తీయగానే లేచి నిలబడుతుంది, అందుకే దొరకదని గంగ బదులు చెప్పింది.

1986 ఆగస్టులో గోదావరి పొంగి యానాం ముంపులో చిక్కినప్పుడు మేము ఆ కథను కళ్ళతో చూశాము. గట్టుమీది పెద్దచెట్లు కొన్ని పోయాయి. బురదలో పడుకున్న రెల్లు ఆ శరత్తుకే మళ్ళీ పూసింది. అయితే వొక్క సంగతి: వంగినా అది వేరు వదలలేదు.

పరాయి వూళ్ళలో తరాలుగా స్థిరపడ్డ మన కుటుంబాలు అక్కడి భాషలకు వంగాయి. వంగవలసిందే, అందులో తప్పు లేదు. కాని మాటలే మన వేళ్ళు. పండుగకు పిల్లలు వచ్చినప్పుడు వారిని చెరువుగట్టుకు తీసుకువెళ్ళండి. ఏది రెల్లో, ఏది జమ్మో వేలుపెట్టి చూపించండి. తెలియకపోతే మాలాగా "గడ్డి" అనకండి, పక్కనున్న వల అల్లే పెద్దాయనను అడగండి.

మా మనుమరాలు వెళ్ళేటప్పుడు రెల్లుపూల గుత్తి వొకటి పుస్తకంలో పెట్టుకుంది. దానికింద తెలుగులో పేరు రాసింది. "ల్ల" వొత్తు కాస్త వంకరపోయింది. మేము దిద్దలేదు.