తెల్లని తుప్పు

ఇనుముకు తుప్పు పడుతుంది. రాగికి, ఇత్తడికి చిలుము పడుతుంది. తెలంగాణలో ఇనుప సామానుకు జంగు పట్టిందంటారు. అది పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మన ఇళ్ళలోకి వచ్చిన మాట. మరి మెగ్నీషియానికి పట్టేదాన్ని ఏమనాలి? ఇంగ్లీషువారు అన్ని లోహాలకూ కలిపి ‘కరోజన్’ అంటారు. దాని మూలమైన లాటిన్ ధాతువుకు కొరకడమని అర్థం. ఎలుక జాతికి పెట్టిన ‘రోడెంట్’ అన్న పేరు కూడా అందులోంచి పుట్టినదే. మన పాఠ్యగ్రంథాలు ‘లోహక్షయం’ అన్నాయి. గంభీరమైన మాటే. కాని మెగ్నీషియం విషయంలో కొరకడమన్న భావమే బాగా అతుకుతుంది. ఎలుక గాదెలో దూరినట్టు, ఈ క్షయం రంగుపొర కింద చిన్న కన్నం చేసుకొని లోలోపలికి పోతుంది.

సూరత్ నగరంలోని వడోద్ వంటి చోట ఇది కేవలం నిఘంటువుకు సంబంధించిన ప్రశ్న కాదు. తపతీ నది అరేబియా సముద్రంలో కలిసేది ఈ నగరం సమీపంలోనే. వానాకాలపు తేమ, సముద్రపు ఉప్పు కలిస్తే లోహాలకు అంతకంటె వేరే శత్రువు అక్కరలేదు. మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గాని, విశాఖపట్నం, మచిలీపట్నం వాసులకు గాని ఈ సంగతి వేరుగా చెప్పనవసరం లేదు.

కారు చక్రాల బజారులో ‘మ్యాగ్ వీల్స్’ అన్న మాట వినబడుతుంది. ఒకప్పుడు పందెపు కార్లకు నిజంగానే మెగ్నీషియం చక్రాలు పోతపోసేవారు. ఇనుము ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములు, అల్యూమినియం 2.70 గ్రాములు తూగితే, మెగ్నీషియం 1.74 గ్రాములే తూగుతుంది. చక్రం ఎంత తేలికైతే బండి అంత చురుకు. నేడు ఆ పేరుతో అమ్మే చక్రాలలో అధికభాగం అల్యూమినియం మిశ్రమాలే. పేరు నిలిచింది, లోహం మారింది. కనుక సంరక్షణ గురించి ఆలోచించే ముందు మన చక్రం ఏ లోహానిదో తెలుసుకోవాలి. చక్రం లోపలివైపు, కంటికి ఆనని చోట, రంగులేని లోహం మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. వెంటనే బుడగలు పొంగితే మెగ్నీషియం. అల్యూమినియం అంత త్వరగా చలించదు. పరీక్ష కాగానే ఆ చోటు కడిగి, ఆరబెట్టి, రంగు వేయాలి.

మెగ్నీషియానికి ఈ బలహీనత ఎందుకు? మొదటి కారణం దాని పైపొర. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ లోహాన్ని నిండుగా కప్పి కవచమవుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ తాను పుట్టిన లోహం కంటె తక్కువ చోటు ఆక్రమిస్తుంది. పొట్టి దుప్పటివలె ఎక్కడో ఒకచోట ఒళ్ళు బయటపెడుతుంది. రెండవ కారణం సాంగత్యం. మెగ్నీషియం చక్రానికి ఉక్కు బోల్టు తగిలి, నడుమ ఉప్పునీరు చేరితే, అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. అందులో కరిగిపోయేది మెగ్నీషియమే. పోతలో లేశమాత్రంగా కలిసిన ఇనుము, నికెల్, రాగి కూడా లోపలినుంచే ఈ పని చేస్తాయి.

విచిత్రమేమిటంటే, ఈ దోషాన్నే మనం గుణంగా వాడుకుంటున్నాం. అనేక గీజర్ల తొట్టెలలో ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. అది తాను కరిగిపోతూ ఉక్కు తొట్టెను కాపాడుతుంది. కడ్డీ అరిగిపోగానే మార్చకపోతే తరువాతి వంతు తొట్టెదే.

చక్రానికి రక్షణ పొరలుపొరలుగా కల్పించాలి. పూర్వం క్రోమేటు ద్రావణంలో ముంచేవారు. అందులోని ఆరు సంయోజకత గల క్రోమియం కాన్సర్ కారకమని తేలడంతో ఆ పద్ధతి తగ్గుముఖం పట్టింది. దాని స్థానంలో వచ్చిన వాటిలో ఒకటి సూక్ష్మ విద్యుచ్చాప పద్ధతి. లోహాన్ని క్షార ద్రావణంలో ఉంచి అధిక వోల్టేజి ప్రయోగిస్తే, ఉపరితలమంతటా చిన్న మెరుపులు పుట్టి, పింగాణీవంటి గట్టి పొర ఏర్పడుతుంది. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రం ఈ విద్యలో కృషి చేసింది. ఆ పొరలోనూ సూక్ష్మరంధ్రాలుంటాయి గనుక, పైన ప్రైమరు, రంగు తప్పవు. ఉక్కు తగిలే చోట్ల విద్యుత్తును అడ్డుకొనే పూత గాని, తగిన వాషరు గాని ఉండాలి.

వాహనదారు చేయవలసినది స్వల్పం. మంచినీటితో, మృదువైన సబ్బుతో కడగండి. ఆమ్లాలున్న క్లీనర్లను దగ్గరకు రానీయకండి. రాయి తగిలి రంగు లేచిన చోట వెంటనే పూత వేయించండి. ఇంట్లో గీకి, సాన పట్టవద్దు. మెగ్నీషియం పొడి సులువుగా అంటుకుంటుంది, ఆ మంట మీద నీళ్ళు పోస్తే మరింత రగులుతుంది. 1955లో ఫ్రాన్సులోని లెమాన్ పందెంలో 80 మందికి పైగా మరణించిన ప్రమాదంలో, మెగ్నీషియం మిశ్రమపు కారు మంటను నీటితో ఆర్పబోగా అది ఇంకా ప్రజ్వరిల్లింది. బోల్టు రంధ్రాల వద్ద గాని, టైరు ఆనే అంచున గాని గుంటలో, పగుళ్ళో కనిపిస్తే నిపుణులకు చూపించేవరకు ఆ చక్రం మీద ప్రయాణం చేయకండి.

ఎర్రని తుప్పును చూడగానే మనవారు జాగ్రత్త పడతారు. రంగు ఉబ్బి, దాని కింద తెల్లని పొడి రాలితే ధూళి అనుకొని తుడిచివేస్తారు. ఆ పొడికి మన వాడుకలో స్థిరమైన పేరు లేదు. ‘తెల్లని తుప్పు’ అని పిలుచుకుందాం. తుప్పు అన్నప్పుడే గదా గుడ్డ పక్కన పెట్టి, వంగి చూడాలన్న బుద్ధి పుడుతుంది.