చింతపండు ధర ఆషాఢంలోనే తేలిపోతుంది

థామస్ సోవెల్ రాసిన ‘బేసిక్ ఎకనామిక్స్’ హాస్టల్ గదిలో నలుగురం డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాం. గ్రాఫులు, సమీకరణాలు లేవు, బతికిపోయాం. ధర అంటే ఒక కబురు అంటాడాయన. ఎక్కడ సరుకు కొరతగా ఉందో, ఎక్కడ మిగిలిందో అదే చెప్తుందట. ఒప్పుకుంటాం. దళారి ఊరికే తినడు, సరుకు మోసి, దాచి, అమ్ముతాడు అంటాడు. అదీ కొంత నిజమే, మా కొండ మీద చింతపండు కిందికి దించేది షావుకారే కదా.

కానీ ఆ షావుకారు మా ఇంటికొచ్చేది చింతపండు రాలే రోజుల్లో కాదు. గింజలు అయిపోయిన ఆషాఢంలో వస్తాడు. బియ్యం, ఉప్పు, కొంత డబ్బు అప్పిచ్చి పోతాడు. ఇక సంతలో ధర ఎంతున్నా మా కావిడి దిగేది అతని కాటా దగ్గరే. ధర మా అమ్మవాళ్లకి తెలీక కాదు, ఫోన్లో చూసి మేమే చెప్తున్నాం. తెలిసీ ఇంకొకరికి అమ్మలేరు. పుస్తకంలో అమ్మేవాడు బేరం నచ్చకపోతే లేచి వెళ్లిపోగలడు.

1956లో పుట్టిన జీసీసీ అటవీ ఫలసాయం కొనడంతో ఆగలేదు, డిపోల్లో సరుకులూ, పంట అప్పులూ ఇచ్చింది. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. మద్దతు ధర పెంచమని మన సంఘాలు వినతిపత్రాలు రాస్తున్నాయి. అప్పు తీరకుండా ధర పెరిగితే మిగిలేది షావుకారుకే. ఈసారి ఆషాఢం గింజల అప్పు కూడా అందులో రాయండి.