కథకుడు నిలిస్తేనే కథాపటానికి మనుగడ

హైదరాబాద్: తెలంగాణ జానపద సంపదలో కులపురాణ గానానికి విశిష్ట స్థానం ఉన్నది. ఆశ్రిత కులాల కళాకారులు చేర్యాల నకాషీ చిత్రకారులు రూపొందించిన పటాన్ని వ్రేలాడదీసి, దాత కులం పుట్టుపూర్వోత్తరాలను గానం చేస్తారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, మాదిగలకు డక్కలివారు జాంబపురాణాన్ని వినిపించడం ఆనవాయితీ.

కులవృత్తులు క్షీణించి, దాతలు వలసపోవడంతో ఈ ఆదరణ సన్నగిల్లినది. భౌగోళిక గుర్తింపు పొందిన చేర్యాల చిత్రకళకు గృహాలంకరణ వస్తువుల రూపంలో నూతన విపణి లభించగా, పటం ముందు నిలిచి కథ చెప్పే కళాకారునికి అట్టి ప్రత్యామ్నాయం కొరవడినది.

2014లో ఏర్పాటైన తెలంగాణ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు ఉపాధి కల్పించినప్పటికీ, ప్రభుత్వ పథకాల ప్రచారమే దాని ప్రధాన కర్తవ్యం. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య, బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పలను పద్మశ్రీ వరించడం ముదావహం. అయితే పురస్కారాలు, వృద్ధాప్య పింఛన్లు వ్యక్తికి ఆసరా కాగలవే గాని, విద్యను తరువాతి తరానికి అందించజాలవు.

ఆ లోటును పూరించగలది కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ గురు-శిష్య పరంపర పథకం. ఇందులో గురువుకు నెలకు రూ. 15,000, శిష్యులకు వయసును బట్టి భృతి లభిస్తుంది. కాగా ఈ సహాయం సంస్థల ద్వారా అందుతుంది. కుటుంబ బృందాలుగా సంచరించే కథకులకు సంస్థ నమోదు, లెక్కల నిర్వహణ సులభసాధ్యం కావు. జిల్లా యంత్రాంగం ఈ మెట్టు దాటించగలిగితే, కేటాయించిన నిధి అసలైన కథకుని చేరగలదు.