అడవి అన్న మాటకు అర్థం

తెలుగులో అడవికి పేర్ల కొదవ లేదు. అరణ్యం, కాన, వనం, చిట్టడవి, కారడవి. పశువులు మేసే పొదల నేలకు తెలంగాణలో కంచ అని మరొక పేరు. నిఘంటువులో ఇవన్నీ ఇరుగుపొరుగున ఇముడుతవి. చట్టంలో మాత్రం పేరును బట్టియే చెట్టు బ్రతుకు.

2025 మార్చి చివర హైదరాబాదు చెంత కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల నేలపై చెట్లను యంత్రాలు కూల్చడం ఆరంభించినవి. రికార్డులలో అది అడవి కాదని రాష్ట్ర ప్రభుత్వం సమాధానం చెప్పింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపింది. కంటికి కనిపించే చెట్టు ప్రమాణమా, కాగితం మీది వ్రాత ప్రమాణమా అన్న ఈ తగవు నిన్న మొన్నటిది కాదు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద ప్రభుత్వం హద్దులు గీసి, లోపలిది తనదన్నది. తాతల నాటి నుంచి పశువులు మేసిన చోటనే రైతు పుల్లరి చెల్లించవలసి వచ్చింది. 1921లో పల్నాటి రైతులు చెల్లించమన్నారు. మరుసటి యేడు కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియైనాడు. ఆనాటి దొరలు అడవిని కాపాడలేదనడం న్యాయం కాదు. కాపాడినారు, రైలు పట్టాల కింది స్లీపర్లకు కలప కావాలి గనుక!

స్వాతంత్ర్యం తరువాత కూడా అడవులు చాలకాలం రాష్ట్రాల చేతిలోనే ఉన్నవి. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ వాటిని ఉమ్మడి జాబితాలో చేర్చింది. కేంద్రం ముందుగా అనుమతించనిదే అటవీ భూమిని వేరొక పనికి వినియోగించరాదని 1980 చట్టం కట్టడి చేసింది. కాని అడవి అంటే ఏమిటో ఆ చట్టం చెప్పలేదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆ లోటు తీర్చింది. యజమాని ఎవరైనా సరే, నిఘంటువు ప్రకారం అడవి అయినది అడవియే. రికార్డులో అడవి అని ఉన్నదీ అడవియే. న్యాయమూర్తులు నిఘంటువును ఆశ్రయించడం భాష చదువుకొన్నవారికి ముచ్చట గొలిపే సంగతి. అటువంటి అడవులను గుర్తించవలసిన రాష్ట్రాలలో అనేకం ఆ పనిని మొక్కుబడిగా కానిచ్చినవి.

2023 సవరణ ఆ అర్థాన్ని కుదించింది. చట్టరీత్యా ప్రకటించినవి, 1980 అక్టోబరు 25 నాటికి గాని ఆ తరువాత గాని ప్రభుత్వ రికార్డుల కెక్కినవి మాత్రమే లెక్కకు వస్తవి. సొంత నేలలో చెట్లు పెంచినవారికి చట్టం భయం ఉండరాదన్న వాదంలో కొంత నిజం లేకపోలేదు. అందుకోసం రికార్డు కెక్కని పాత అడవిని గొడ్డలికి వదలవలెనా? 1996 నాటి అర్థమే ప్రస్తుతానికి కొనసాగవలెనని 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతరంగా ఆదేశించింది.

ఢిల్లీకి, రాష్ట్రాలకు, న్యాయస్థానానికి మధ్య సాగే ఈ పెనుగులాటలో అడవిలో బ్రతికేవాని మాట వినబడడం అరుదు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ మాటకు విలువ నిచ్చింది. దాని బలంతోనే 2013లో ఒడిశాలోని నియమగిరిపై బాక్సైటు గనిని పన్నెండు పల్లెల సభలు, పన్నెండుకు పన్నెండూ, కాదన్నవి. 2022 నియమాలు ఆ సమ్మతిని కేంద్రానుమతికి తరువాతి పనిగా వెనుకకు నెట్టినవి. పెండ్లి ముగిసిన పిమ్మట పిల్లను ఇష్టమేనా అని అడుగుతారా? ఆ నియమాన్ని మార్చి, అనుమతికి ముందే గ్రామసభను అడగవలె. ఏ నేల అడవియో తేల్చే జాబితాలను తెలుగు రాష్ట్రాలు రెండూ తెలుగులో అచ్చువేసి, ఆయా ఊళ్లలో చదివి వినిపించి, అభ్యంతరాలు విన్న తరువాతనే ఖాయం చేయవలె.