పదమూడు పుస్తకాలు, ఒక మనసు

పాఠకులలో రెండు తెగలవారున్నారు. మొదటి తెగవారు చేతికి వచ్చిన పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, బీరువాలో పెట్టి, మరొకటి తీస్తారు. రెండవ తెగవారు బీరువా ముందు నిలబడి చాలాసేపు తటపటాయిస్తారు. వాన కురిసే సాయంత్రానికి ఒక పుస్తకం, రైలు ప్రయాణానికి ఒకటి, నిద్ర పట్టని రాత్రికి మరొకటి. వేళ కుదరకపోతే ఎంతటి ఉద్గ్రంథమైనా వారికి రుచించదు. ఆకలి లేనివాడికి వడ్డించిన విందువలె విస్తరిలోనే మిగిలిపోతుంది. చదవడానికి "మూడు లేదు" అనేది వీరి నోట తరచు వినవచ్చే మాట.

అట్టి పాఠకురాలు ఒకామె, తనతో ఏ పోలికా లేని ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి, ఒక సాహిత్య బహుమతి తొలి జాబితాను ఆసాంతం చదవడానికి పూనుకుంటే ఏమవుతుంది? సికింద్రాబాదులో 2025 వేసవిలో జరిగింది అదే.

ఆ బహుమతి అంతర్జాతీయ బుకర్. 2016 నుంచి దీన్ని ఏటేటా, ఇంగ్లీషులోకి అనువాదమైన ఒక్క కల్పనా గ్రంథానికి ఇస్తున్నారు. 50,000 పౌండ్ల పారితోషికాన్ని మూల రచయితా అనువాదకులూ చెరిసగం పంచుకుంటారు. 2022లో గీతాంజలిశ్రీ హిందీ నవల 'రేత్ సమాధి'కి డెయిజీ రాక్‌వెల్ చేసిన అనువాదం ఈ గౌరవాన్ని పొందిన తర్వాత మన దేశంలోని పాఠకుల దృష్టి దీనివైపు మరింతగా మళ్ళింది. మరుసటి ఏడు పెరుమాళ్ మురుగన్ తమిళ నవల 'పైర్' అన్న పేరుతో తొలి జాబితాలో కనిపించింది. 2025లో న్యాయనిర్ణేతలు ఐదుగురు 154 పుస్తకాలను పరిశీలించి, వాటిలో 13 పుస్తకాలను ఫిబ్రవరి 25న ప్రకటించారు. కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథలకు దీపా భాస్తి చేసిన అనువాదం 'హార్ట్ ల్యాంప్' వాటిలో ఒకటి. ఆరు పుస్తకాల తుది జాబితాకు ఏప్రిల్ 8, విజేత ప్రకటనకు మే 20 గడువులు.

నలుగురిలో బ్యాంకు ఉద్యోగిని లెక్కలు వేసింది. తుది జాబితాకు వ్యవధి 42 రోజులు. మూడు రోజులకొక పుస్తకం చొప్పున చదివితే 39 రోజుల్లో పదమూడూ పూర్తవుతాయి. మూడు రోజులు మిగులుతాయి కూడా.

"నాకు మూడు రావాలి కదా!" అన్నది మన పాఠకురాలు.

"పదమూడులో మూడు ఎప్పుడూ ఉంటుందమ్మా. పద మరి!" అన్నది వారిలో పెద్దావిడ. ఆమె ఇంగ్లీషు ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నది. అందరూ ఆమెను టీచరుగారనే పిలుస్తారు. నాలుగవ ఆమె ఆసుపత్రిలో రాత్రి విధులు ఎక్కువగా పడే వైద్యురాలు. ప్రతి ఆదివారం టీచరుగారి ఇంట్లో కలుసుకోవాలనీ, దొరికిన పుస్తకాలను ఒకరి తర్వాత ఒకరు మార్చుకోవాలనీ, దొరకనివి తెర మీద చదువుకోవాలనీ నిర్ణయించుకున్నారు.

మొదటి రెండు వారాలూ ఉత్సాహంగానే గడిచాయి. డెన్మార్కు రచయిత్రి సోల్వై బల్లె నవలలో కథానాయికకు నవంబరు 18వ తేదీ ముగియదు. ఎన్నిసార్లు తెల్లవారినా మళ్ళీ అదే తేదీ. పాత పుస్తకాల వ్యాపారి అయిన ఆ స్త్రీ ఒంటరితనం మన పాఠకురాలిని పట్టి కుదిపింది. ఒక్క రాత్రిలో ముగించింది. అదే పుస్తకం బ్యాంకు ఉద్యోగినికి విసుగు పుట్టించింది. "మా కౌంటరు దగ్గర రోజూ జరిగేది ఇదే. దానికి నవల ఎందుకు?" అన్నది.

తర్వాత రుమేనియా రచయిత మిర్చా కర్తరెస్కు నవల 'సాలెనాయిడ్' వంతు వచ్చింది. రచయిత కావాలనుకుని కాలేకపోయిన బుకారెస్టు బడిపంతులు ఒకడు చెప్పుకునే కథ అది. పుటలు ఆరు వందలకు పైగా. మన పాఠకురాలు నలభై పుటల దగ్గర ఆగిపోయింది. పుస్తకం బల్ల మీద ఉన్నది. మనసు దాని మీద లేదు. రోజులు గడుస్తున్నవి. బ్యాంకు ఉద్యోగిని పట్టికలో గళ్ళు ఖాళీగా మిగులుతున్నవి. మొన్నటి వరకు ఆనందంగా ఉన్న పని కాస్తా చెల్లించవలసిన వాయిదా అయింది.

ఇక్కడే మూడును బట్టి చదివేవారికి ఒక ప్రమాదం ఎదురవుతుంది. ఒంటరిగా చదివేటప్పుడు "ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టవచ్చు. ఎవరూ కారణం అడగరు. నలుగురిలో కూర్చున్నప్పుడు కారణం చెప్పాలి. "నా మనసు సిద్ధంగా లేదు" అనడానికి అభిమానం అడ్డువస్తుంది. "పుస్తకం బాగాలేదు" అనడం తేలిక. మొదటిది తన గురించిన నిజం. రెండవది పుస్తకం మీద వేసిన నింద. నాలుక మాత్రం రెండవదానివైపే మొగ్గుతుంది.

మార్చి చివరి ఆదివారం ఆమె నోట వచ్చింది ఆ రెండవ మాటే. చర్చకు వచ్చింది జపాను రచయిత్రి సావూ ఇచికావా నవల 'హంచ్‌బ్యాక్'. పుట్టుకతో కండరాల వ్యాధి ఉన్న ఈ రచయిత్రి 2023లో ఆ దేశపు ప్రతిష్ఠాత్మకమైన అకుతగావా బహుమతి పొందింది. అదే విధమైన వ్యాధితో సంరక్షణ గృహంలో జీవిస్తున్న స్త్రీ కథ అది. మాట కటువు. సానుభూతి కోసం చేయి చాచని స్వభావం. కాగితపు పుస్తకాల వాసన గురించీ, పుటలు తిప్పడంలోని సుఖం గురించీ పరవశించే పాఠకుల మీద ఆ స్త్రీకి పట్టరాని ఆగ్రహం. పుస్తకాన్ని పట్టుకోగల చేతులు, నిటారుగా కూర్చోగల నడుము ఉన్నవారికే చదువు సొంతమన్న అహంకారాన్ని ఆమె నిలదీస్తుంది.

"చిన్న పుస్తకమే కానీ ముగించలేకపోయాను. ఊరికే కోపం. ఇది జాబితాలోకి ఎలా వచ్చిందో!" అన్నది మన పాఠకురాలు.

టీచరుగారు వెంటనే బదులు చెప్పలేదు. టీ కప్పును రెండు చేతులతో ఎత్తి, తాగి, జాగ్రత్తగా కింద పెట్టింది. "నేను ఏడాదిగా పుస్తకం చేత్తో పట్టుకోలేకపోతున్నానమ్మా. వేళ్ళ కీళ్ళు సహకరించడం లేదు. నువ్వు తెచ్చిచ్చిన ఆ రుమేనియా పుస్తకం ఆ మూల ఎలా పెట్టావో అలాగే ఉంది. అది కూడా నేను టాబ్లెట్‌ను దిండుకు ఆనించుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతున్నాను. మీకు చెప్పడానికి మొహమాటపడ్డాను. ఈ జపాను అమ్మాయి మొహమాటపడలేదు."

గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్రతి ఆదివారం ఆ ఇంటికి బరువైన పుస్తకాలు మోసుకువచ్చి, "తెర మీద చదివితే చదివినట్టే ఉండదు టీచరుగారూ" అని అంటూ వచ్చింది మన పాఠకురాలే. నవలలోని కోపం ఎవరి మీదనో అనుకుంది. తన మీదనే అని అప్పుడు తెలిసింది. ఆ పుస్తకం ఆమెకు నచ్చకపోవడానికి మూడు ఒక్కటే కారణం కాకపోవచ్చు.

మౌనాన్ని వైద్యురాలు భంగం చేసింది. ఫ్రెంచి రచయిత వెన్సాన్ దెలెక్రువా నవల 'స్మాల్ బోట్' తన దగ్గర రెండు వారాలుగా ఉన్నదని చెప్పింది. 2021 నవంబరులో ఫ్రాన్సు నుంచి బ్రిటన్‌కు రబ్బరు పడవలో బయలుదేరినవారిలో కనీసం 27 మంది జలసమాధి అయిన సంఘటన దానికి ఆధారం. సహాయం కోసం వారు చేసిన ఫోను పిలుపులు అందుకున్న తీరరక్షణ ఉద్యోగిని ఒకామె అంతరంగమే ఆ కథనం. "రాత్రి డ్యూటీలో ఫోను మోగితే నాకు ఇప్పుడు ఆమె గొంతే వినిపిస్తోంది. ఈ పుస్తకం మంచిదో కాదో చెప్పే స్థితిలో నేను లేను. అది నాకు మరీ దగ్గరైపోయింది" అన్నది.

మనసు కుదరక ఒకరు, మనసు మరీ కుదిరి మరొకరు, ఇద్దరూ తీర్పు చెప్పలేకపోయారు. అయితే వైద్యురాలు ఆ సంగతి ఒప్పుకున్నది. మన పాఠకురాలు ఒప్పుకోలేదు. తేడా అంతే.

ఆ సాయంత్రం బ్యాంకు ఉద్యోగిని తన పట్టికను కొట్టివేసి, కొత్త పుటలో రెండు గళ్ళు గీసింది. మొదటి గడి పేరు "పుస్తకం ఎలా ఉంది?" రెండవ గడి పేరు "నేను ఎలా ఉన్నాను?" రెండవది నింపకుండా మొదటిది నింపరాదని నియమం పెట్టారు. మన పాఠకురాలు 'హంచ్‌బ్యాక్' ఎదురుగా మొదటి గడిని ఖాళీగా వదిలి, రెండవ గడిలో ఒకే ఒక్క మాట రాసింది: "వినలేదు."

మరునాటి రాత్రి ఆమె ఆ నవలను మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈసారి ముగించింది. అది ఆమెకు ప్రియమైన పుస్తకం కాలేదు. కానీ ఆ కోపంలో ఎంత చమత్కారం దాగి ఉన్నదో మొదటిసారి గమనించనేలేదని తెలుసుకున్నది.

న్యాయనిర్ణేతలకు మాత్రం మూడు ఉండదా? వారూ మనుషులే. జలుబు చేసిన రోజూ, ఇంట్లో మాట తేడా వచ్చిన రోజూ వారు కూడా చదవవలసిందే. అందుకే ఇట్టి బహుమతులలో జాబితా కుదించుకుపోయినకొద్దీ మిగిలిన పుస్తకాలను మళ్ళీ చదువుతారు. ఒకనాటి మనఃస్థితి చేసిన అన్యాయాన్ని మరొకనాటి మనఃస్థితి సరిదిద్దడానికి పునఃపఠనాన్ని మించిన ఉపాయం లేదు. ఒంటరి పాఠకుడికి ఆ ఓపిక తక్కువ. మిత్రులు ఉంటే మరొక ఉపాయం దొరుకుతుంది. ఒకరి మనసు మూతపడిన చోట మరొకరి మనసు తెరచి ఉంటుంది. ఒకే వారంలో ఒక పుస్తకానికి నాలుగు వాతావరణాలు లభిస్తాయి.

ఏప్రిల్ 8 నాటికి నలుగురిలో పదమూడూ పూర్తి చేసింది బ్యాంకు ఉద్యోగిని ఒక్కతే. టీచరుగారు పదకొండు, వైద్యురాలు ఎనిమిది, మన పాఠకురాలు ఏడు. 'హంచ్‌బ్యాక్', 'సాలెనాయిడ్' తుది జాబితాలో లేవు. 'స్మాల్ బోట్', 'హార్ట్ ల్యాంప్' ఉన్నవి. మే 21 ఉదయానికి 'హార్ట్ ల్యాంప్' గెలిచిన వార్త దేశమంతటా తెలిసింది. కన్నడానికీ, ఒక కథా సంపుటికీ ఈ బహుమతి రావడం అదే మొదటిసారి. మూడు దశాబ్దాలకు పైగా రాసిన కథలలో పన్నెండు అందులో ఉన్నవి.

ఆ పుస్తకాన్ని మన పాఠకురాలు అప్పటికి తెరవనేలేదు. విజేత అయిన తర్వాత అసలే బుద్ధి పుట్టలేదు. ఊరంతా చదువుతున్నప్పుడు తానూ చదవడం ఆమె స్వభావానికి విరుద్ధం. మిత్రులు తొందరపెట్టలేదు. రెండవ గడిలో "ఇంకా కాదు" అని రాసుకున్నారు.

ఆగస్టులో ముసురు పట్టిన ఒక ఆదివారం ఆమె దాన్ని టీచరుగారి ఇంటికి పట్టుకువెళ్ళింది. పుస్తకం ఇవ్వడానికి కాదు. టీచరుగారు కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కు వాలగా, పక్కన కూర్చుని శీర్షిక కథను పైకి చదివి వినిపించింది. పుట్టింటివారూ భర్తా చేయి వదిలేసిన తల్లిని బ్రతుకువైపు తిప్పిన కూతురి కథ అది. ముగిసిన తర్వాత కాసేపు వాన చప్పుడే వినిపించింది.

"నాకు మూడు ఉందో లేదో అడగనే లేదు నువ్వు" అన్నది టీచరుగారు నవ్వుతూ.

"ఉందా టీచరుగారూ?"

"ఇంకొకటి చదువు."